ఎల్లండ్ రోడ్డు అభిమానులు

ఇంగ్లండు దేశమున వేసవికాలము కాల్బంతి ఆటకు విరామకాలము. మే మాసాంతమునకు పోటీలు ముగియును. మరల ఆగస్టు మాసమున గాని ఆట మొదలు కాదు. ఆ నడుమ మైదానములు నిశ్శబ్దముగ నుండును. పనివారు పచ్చికకు నీరు పోయుచు, చెడిన చోటుల క్రొత్త విత్తనములు చల్లుచుందురు. ఆట ఆగినను అభిమానుల నోళ్లు మాత్రము ఆగవు. నిజమునకు ఆట లేని ఆ దినములలోనే వారికి మాటలు హెచ్చు. ఈ యేడు క్లబ్బు ఎవరిని కొనును? ఎంత సొమ్ము పోయును? ఎవరిని అమ్మును? పొరుగు క్లబ్బువారు అంత ఖర్చు పెట్టుచుండగా ఇక్కడి యజమానులు ఏల సంచి మూతి విప్పరు? అల్పాహారపు దుకాణములలోను, బస్సులలోను, కర్మాగారముల వాకిళ్ల యొద్దను ఇదే సంభాషణ. తండ్రులకును కొడుకులకును మాటపట్టింపులు వచ్చును. అన్నదమ్ములు అలుగుదురు. ఒక్కరి జేబులోను ఆటగాని కాలి చెప్పును కొనుటకు చాలిన ధనమైనను లేకున్నను, అందరును కోట్ల పౌండ్లను అవలీలగా లెక్కపెట్టుదురు.

ఆటగానిని కొనుట యేమి, అతడేమైన ఎద్దా, గుఱ్ఱమా అని తెలుగు విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. కొనబడునది మనుష్యుడు కాదు. ఆటగాడు ఒక క్లబ్బుతో ఇన్ని సంవత్సరములు ఆడెదనని ఒప్పందము వ్రాసికొనును. ఆ గడువు తీరకమునుపే వేరొక క్లబ్బు అతనిని కోరినచో, మొదటి క్లబ్బునకు నష్టపరిహారముగ కొంత సొమ్ము చెల్లింపవలెను. దానినే బదిలీ రుసుము అందురు. 1905వ సంవత్సరమున ఆల్ఫ్ కామన్ అను ఆటగాడు సండర్లండు నుండి మిడిల్స్‌బ్రోకు 1,000 పౌండ్లకు మారగా, ఇంత ధనమా యని దేశము ముక్కున వ్రేలు వేసికొనెను. 1979లో ట్రెవర్ ఫ్రాన్సిస్ కొరకు నాటింగ్‌హామ్ ఫారెస్టువారు పది లక్షల పౌండ్ల మాట పలికిరి. 2017లో నేమార్ అను బ్రెజిలు దేశీయుని కొరకు పారిసు క్లబ్బు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించెను. ఇక ముక్కున వ్రేలు వేసికొనువారు మిగులలేదు.

రుసుము ఒక్కటియే ఖర్చు కాదు. ఆటగానికి వారము వారము జీతము ఇయ్యవలెను. పేరుగల ఆటగాండ్ర జీతములు కొన్ని సంవత్సరములలో రుసుమును మించిపోవును. లెక్కల పుస్తకములలో మరియొక చమత్కారము కలదు. ఐదు కోట్లకు ఒకనిని కొని, అతనితో ఐదేండ్ల ఒప్పందము చేసికొన్నచో, ఏటికి ఒక కోటి వంతున మాత్రమే ఖర్చు వ్రాసికొనవచ్చును. కనుక కొన్న సంవత్సరమున భారము స్వల్పముగ కనబడును. తరువాతి నాలుగేండ్ల కోట్లు మాత్రము అక్కడనే పొంచి కూర్చుండును. అభిమానికి ఈ పుస్తకము కనబడదు. అతనికి కనబడునది మైదానములోని ఆటగాడు మాత్రమే.

క్లబ్బునందు వాటాలు గల ధనవంతుడు తన జట్టును గూర్చి చెప్పునపుడు తరచుగా 'వారు' అనును. టిక్కెట్టు కొని నిలువబడిన కూలివాడు 'మనము' అనును. 'మనము ఓడితిమి', 'మనము అతనిని కొంటిమి' అని అతని వాడుక. చట్టప్రకారము అతనికి అక్కడ ఒక ఇటుకపైననైన హక్కు లేదు. కాని యజమానులు మారుదురు, శిక్షకులు మారుదురు, ఆటగాండ్రు మూడేండ్లకో నాలుగేండ్లకో మూటగట్టుకొని పోవుదురు. అభిమాని ఎక్కడికిని పోడు. తండ్రి చేయి పట్టుకొని వచ్చిన చోటికే తన కుమారుని చేయి పట్టుకొని వచ్చును. క్లబ్బు సొమ్మును గూర్చి అతడు వాదించుటకు ఇంతకన్న వేరే అధికారపత్రము అక్కరలేదేమో.

ఈ వాదములన్నిటిలో లీడ్సు నగరపు కథ వంటిది మరియొకటి లేదు. యార్క్‌షైరు ప్రాంతమున ఉన్ని బట్టల మిల్లులతో పెరిగిన పెద్ద నగరమది. లివర్పూలునకు రెండు పెద్ద క్లబ్బులు, మాంచెస్టరునకు రెండు, లండనునకు పెక్కులు కలవు, లీడ్సునకు ఒక్కటియే. అది లీడ్సు యునైటెడ్. దాని మైదానము పేరు ఎల్లండ్ రోడ్డు. క్లబ్బు పుట్టుకయే ధనసంబంధమైన అపవాదులోనుండి జరిగెను. అంతకుముందు ఆ నగరమున లీడ్సు సిటీ అను క్లబ్బు ఉండెడిది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆటగాండ్రకు నియమవిరుద్ధముగ సొమ్ము చెల్లించిరను నేరముపై దానిని 1919లో రద్దు చేసిరి. అప్పుడు ఆటగాండ్రను నగరములోని మెట్రోపోల్ హోటలులో వేలము వేసిరి. ఆ బూడిద నుండియే అదే సంవత్సరమున క్రొత్త క్లబ్బు లేచెను.

ఆ క్లబ్బునకు మహర్దశ తెచ్చినవాడు డాన్ రెవీ. 1961లో అతడు శిక్షణాధికారి యగునాటికి జట్టు రెండవ శ్రేణిలో తడబడుచుండెను. రెవీ చిన్న కుఱ్ఱవాండ్రను వెదకి తెచ్చి పెంచెను. పీటర్ లోరిమర్ అను బాలుడు 1962లో పదునైదేండ్ల ప్రాయమున జట్టులో ఆడెను. బ్రెమ్నర్, హంటర్, రీనీ, ఎడ్డీ గ్రే మొదలగువారందరును ఆ పెరటి మొక్కలే. 1969లోను, 1974లోను ఆ జట్టు ఇంగ్లండు లీగు విజేత యయ్యెను. 1972లో ఎఫ్.ఏ. కప్పు గెలుచుకొనెను. తరువాత చాలకాలము చీకటి. 1992లో ఇంకొకసారి లీగు గెలిచిరి.

1997లో పీటర్ రిడ్స్‌డేల్ ఆ క్లబ్బునకు అధ్యక్షుడయ్యెను. మరుసటి సంవత్సరము డేవిడ్ ఓలియరీ శిక్షణాధికారిగ నియమింపబడెను. అప్పటికి క్లబ్బు పాఠశాలలోనే పెరిగిన హ్యారీ క్యూవెల్, అలన్ స్మిత్, జోనథన్ వుడ్‌గేట్ వంటి యువకులు చేతికి వచ్చియుండిరి. 2000లో జట్టు లీగునందు మూడవ స్థానము పొంది, ఐరోపాఖండపు చాంపియన్ల పోటీకి అర్హత సంపాదించెను. అంతటితో ఆశ రెక్కలు తొడిగికొనెను. ఆ సంవత్సరము నవంబరులో రియో ఫెర్డినాండ్ అను రక్షకుని 1 కోటి 80 లక్షల పౌండ్లకు కొనిరి. బ్రిటను క్లబ్బు ఏదియు అంతవరకు ఏ ఆటగాని కొరకును అంత ధర చెల్లింపలేదు. విదూకా, డకూర్, రాబీ కీన్ మొదలగు మరికొందరు వచ్చిరి. నగరము పొంగిపోయెను. జట్టు స్పెయిను దేశపు లా కొరూన్యా క్లబ్బును ఓడించి, 2001 మే మాసమున ఐరోపా పోటీలో అంత్యమునకు ఒక్క మెట్టు దిగువ వరకు పోయి, వాలెన్సియా చేతిలో ఓడెను.

ఓడినది ఆ ఒక్క ఆట కాదు. లీగు పట్టికలో ఆ యేడు నాలుగవ స్థానము దక్కెను. ఐరోపా చాంపియన్ల పోటీకి మొదటి ముగ్గురికే ప్రవేశము. మూడవ స్థానమున నిలిచిన లివర్పూలునకు 69 పాయింట్లు, లీడ్సునకు 68. ఆ ఒక్క పాయింటుతో మరుసటి యేటి చాంపియన్ల పోటీ రాబడి చేజారెను.

ఆ సమయమున ఏ బుద్ధిమంతుడైనను ఖర్చు తగ్గించుకొనును. లీడ్సు యాజమాన్యము తగ్గించుకొనలేదు. రాబోవు సంవత్సరములలో అభిమానులు కొనబోవు టిక్కెట్ల రాబడిని తాకట్టు పెట్టి 6 కోట్ల పౌండ్లు అప్పు తెచ్చెను. పైరు పొట్టకు రాకమునుపే ధాన్యము మీద అప్పు తెచ్చి పెండ్లి చేసిన రైతు కథలు తెలుగు పల్లెలలో ఎవరికి తెలియవు? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత ఇట్టివారిని చూచియే పుట్టినది. ఆ సొమ్ముతో జట్టును నడుపుచు, 2001 చివర సెత్ జాన్సన్‌ను 70 లక్షలకును, రాబీ ఫౌలర్‌ను 1 కోటి 10 లక్షలకును కొనిరి.

ఆ దినములలో లీడ్సు నగరమున ఒక తాతయు మనుమడును ఈ విషయమై ఎట్లు వాదించియుందురో ఊహించుట కష్టము కాదు. మనుమనికి పదునాలుగేండ్లు ఉండుననుకొందము.

"నాయనా, మనము వచ్చే యేడు కొనబోవు టిక్కెట్ల మీద ఈ యేడే అప్పు తెచ్చిరట. మనము ఇంకను ఇంటి గడప దాటనే లేదు, మన డబ్బు అప్పుడే ఖర్చయిపోయినది!" అని తాత అనియుండును.

"తాతగారూ! మీరు 1969 చూచితిరి. 1974 చూచితిరి. 1992లో నేను ఐదేండ్లవాడను; ఆ దినము నాకు జ్ఞాపకమైనను లేదు. నాకు మాత్రము ఒక్క కప్పు చూడవలెనని ఉండదా?" అని మనుమడు.

"రెవీగారు ఆ పిల్లలను ఏ సంతలో కొనిరి? పెంచిరి. పెంచుటకు ఓపిక వలయును."

"అలన్ క్లార్కును కొనలేదా? 1969లో 1,65,000 పౌండ్లు! బ్రిటనులో అప్పటికి అదియే రికార్డని మీరే నాకు చెప్పితిరి. 1972లో కప్పు గెలిపించిన గోలు ఎవరిది?"

తాత కొంతసేపు మాటాడియుండడు. గోలు క్లార్కుదే. కాని అతని యొద్దను ఒక సమాధానము కలదు. "కొనిరి. అయితే లీగు గెలిచిన పిదప కొనిరి. వీరు గెలువబోవుదుమని కొనుచున్నారు."

"మనము చేతులు కట్టుకొని కూర్చుండినచో మాంచెస్టరువారు మన పిల్లలనే ఎగరవేసికొని పోవుదురు, తాతగారూ!"

ఇద్దరి వాదములోను పస కలదు. మనుమని మాటను బాల్యచాపల్యమని త్రోసివేయుట న్యాయము కాదు. కాల్బంతి ఆటలో పై మెట్టున నిలిచిన క్లబ్బునకే ఐరోపా పోటీల ధనము, దూరదర్శన ప్రసారముల ధనము వచ్చి చేరును. ఆ ధనముతో అది మేలైన ఆటగాండ్రను కొని పై మెట్టుననే నిలుచును. క్రింది మెట్టున నున్నవాడు అప్పు చేయక, సాహసింపక, ఓపికతోనే కూర్చుండినచో ఆ ఎడము నానాటికి పెరుగును. ధనబలముతో ఎక్కినవారును కలరు. 1999లో మూడవ శ్రేణిలో ఆడుచుండిన మాంచెస్టరు సిటీ, 2008లో అబుదాబి ధనవంతుల చేతికి వచ్చిన పిదప 2012లో లీగు గెలిచెను. కాని అక్కడ ఖర్చైనది యజమాని సొమ్ము. లీడ్సులో ఖర్చైనది అభిమానుల రేపటి సొమ్ము. ఈ భేదమును పదునాలుగేండ్ల బాలుడు గ్రహింపకుండుటలో వింత లేదు. గ్రహింపవలసిన పెద్దలు గ్రహింపకుండుటయే వింత.

2002లో జట్టు ఐదవ స్థానమునకు దిగెను. చాంపియన్ల పోటీ రాబడి మరల లేదు. ఆ వేసవిలో ఓలియరీని తొలగించిరి. జూలైలో ఫెర్డినాండ్‌ను దాదాపు 3 కోట్ల పౌండ్లకు అమ్మిరి. కొన్నవారు ఎవరు? మాంచెస్టరు యునైటెడ్; లీడ్సు అభిమానులకు ఆగర్భ శత్రువు. మరుసటి జనవరిలో వుడ్‌గేట్ న్యూకాసిలునకు పోయెను. 2003 మార్చిలో రిడ్స్‌డేల్ రాజీనామా చేసెను. క్రొత్తగా వచ్చినవారు లెక్కలు తిరగవేయగా అప్పు సుమారు పది కోట్ల పౌండ్ల వరకు పెరిగియుండెను. ఆ లెక్కలలో కార్యాలయమునందలి బంగారు చేపలకు నెలకు 20 పౌండ్ల అద్దె యను పద్దొకటి కనబడెను. ఇది మిక్కిలి ప్రసిద్ధికెక్కెను. కోట్లు మ్రింగినవి చేపలు కావు, ఆటగాండ్ర జీతములు. అయినను సామాన్యునికి పది కోట్లనగా ఎంతయో మనస్సునకు పట్టదు; ఇరువది పౌండ్ల చేప చక్కగా పట్టును. ఇప్పటికిని ఆ నగరమున ఆ కాలపు మాట వచ్చినచో ముందుగా చేపలనే తలచుకొందురు.

2004 మే మాసమున జట్టు మొదటి శ్రేణి నుండి పడిపోయెను. నగరమున పుట్టి, అక్కడనే పెరిగి, అభిమానుల కంటిపాపయైన అలన్ స్మిత్‌ను కూడ ఆ వేసవిలో మాంచెస్టరు యునైటెడ్‌కే అమ్మిరి. మనుమడు భయపడినదంతయు జరిగెను; కాని కొనకుండుట వలన కాదు, కొనుట వలన. అదే సంవత్సరము శరత్కాలమున సాధన చేయు మైదానమును, ఎల్లండ్ రోడ్డును సైతము అమ్మి, అద్దెకు తీసికొనిరి. 1919 నుండి తమదిగ తలచిన ఇంటిలో అభిమానులు అద్దెకుండువారైరి. 2007లో క్లబ్బు దివాళా పాలనలో పడెను. పది పాయింట్ల శిక్షతో మూడవ శ్రేణికి జారెను. రెండు తరముల క్రిందట ఐరోపాఖండమును గడగడలాడించిన జట్టు ఎన్నడును అంత లోతున ఆడలేదు. క్రొత్త యేట మరి పదునైదు పాయింట్ల కోతతో ఆట ఆరంభింపవలసి వచ్చెను. అనగా ఐదు ఆటలు గెలిచిన పిదప వారికి చేరునది సున్న.

ఇక్కడనే ఈ అభిమానుల గుణము తెలియవచ్చును. సున్నకు దిగువన నున్న ఆ జట్టు మొదటి ఏడు ఆటలను వరుసగ గెలిచెను. మూడవ శ్రేణి ఆటలకు సాధారణముగ కొలది వేలమందియే వత్తురు. ఎల్లండ్ రోడ్డునకు సగటున ఇరువది వేలకు పైగా వచ్చుచుండిరి. వారిలో అప్పును మెచ్చుకొన్నవారును, తిట్టినవారును ప్రక్కప్రక్కనే నిలువబడిరి. మంచి ఆటగాడు వచ్చిన దినమున చప్పట్లు కొట్టినందుకు అభిమానిని దోషిగ నిలుపుట తగునా? తప్పు ముఖ్యముగ పుస్తకములు చూచి సంతకములు చేసినవారిదే. అయినను చప్పట్లకు కూడ ఒక బలము కలదు. వేలమంది కొనుము కొనుమని అరచుచుండగా, కొనననుటకు అధ్యక్షునికి ధైర్యము కావలెను. అట్టి ధైర్యము గలవారు అరుదు.

ధైర్యముగ చేయి బిగపట్టినవారు సుఖపడిరా? అదియును లేదు. లండనులోని ఆర్సెనల్ క్లబ్బు 39 కోట్ల పౌండ్లతో అరువది వేలమంది పట్టు క్రొత్త మైదానమును కట్టి, 2006లో అందులోనికి మారెను. ఆ అప్పు తీరువరకు శిక్షణాధికారి ఆర్సెన్ వెంగర్ పొదుపుగ జట్టును నడిపెను. ప్రతి సంవత్సరము మొదటి నలుగురిలో నిలిపెను గాని, 2005 నుండి 2014 వరకు ఒక్క కప్పును రాలేదు. అభిమానులు రెండు పక్షములైరి. ఇల్లు కట్టినవానికి కృతజ్ఞత చూపుడని ఒకరు. కప్పు లేని ఇల్లెందుకని ఒకరు. 2018లో అతడు వెడలిపోవువరకు ఆ కలహము తీరలేదు. దాని పొరుగుననే నున్న టాటెన్‌హామ్ క్లబ్బు, 2018 వేసవిలో ఒక్క ఆటగానినైనను కొనలేదు. అభిమానులు మండిపడిరి. ఆ జట్టే మరుసటి జూనులో ఐరోపా చాంపియన్ల పోటీ అంత్యపు ఆట వరకు పోయెను! అక్కడ లివర్పూలు చేతిలో రెండు గోళ్ల తేడాతో ఓడెను. కొనకున్నను ఎంత దూరము పోయిరో చూడుడని ఒక పక్షము, ఒక్కనిని కొనియుండినచో గెలిచెడివారని రెండవ పక్షము నేటికిని ఆ ఒక్క ఆటనే సాక్ష్యముగ చూపుదురు. కాల్బంతి వాదములు తెగకుండుటకు కారణమిదియే. జరిగినది కనబడును, జరుగనిది ఎవరికిని కనబడదు.

క్లబ్బు అభిమానుల చేతిలోనే ఉండినచో ఇట్టి యాపదలు రావని కొందరందురు. జర్మనీలో సామాన్యముగ క్లబ్బు ఓట్లలో సగమునకు మించి సభ్యులకే ఉండవలెనను నియమము కలదు. దాని వలన మేలు జరిగినదనుట నిజము. కాని స్పెయినులోని బార్సెలోనా క్లబ్బు కూడ సభ్యులదే. అది మితిమీరిన జీతములతో అప్పులలో మునిగి, 2021లో తాను బాల్యము నుండి పెంచిన లయోనెల్ మెస్సీని నిలుపుకొనలేక కంటతడితో సాగనంపెను. ఓటు హక్కు ఉన్నంతమాత్రమున ఆశకు కళ్లెము పడదు.

ఈ ఆశ చిన్న క్లబ్బులను పట్టినపుడు ఫలము మరింత భయంకరము. మాంచెస్టరునకు సమీపమున బరీ అను చిన్న పట్టణము కలదు. అక్కడి క్లబ్బు 1885లో పుట్టినది. 1900లోను, 1903లోను ఎఫ్.ఏ. కప్పు గెలిచినది, రెండవసారి అంత్యపు ఆటలో ఆరు గోళ్లు కొట్టి, ఎదిరికి ఒక్కటియు ఇయ్యలేదు. తాహతునకు మించిన జీతములతో నడచి, 2019 వసంతమున ఆ జట్టు పై శ్రేణికి అర్హత పొందెను. ఆటగాండ్రకు మాత్రము జీతములు అందలేదు. అదే సంవత్సరము ఆగస్టు 27వ తేదీన లీగు సంఘము ఆ క్లబ్బును బహిష్కరించెను. ఆ పట్టణపు అభిమానులకు ఆ శరత్కాలమున శనివారము మధ్యాహ్నము పోవుటకు చోటు లేదు. ఎవరిని కొనవలెనను వాదమే లేదు. వాదించుకొనుటకు ఒక క్లబ్బు ఉండుట కూడ ఒక భాగ్యమని వారికి తెలిసినంతగ ఇంకెవరికి తెలియును?

తెలుగునాట కాల్బంతికి ఇంత ధనము ఎన్నడును లేదు. 1950 నుండి 1954 వరకు వరుసగ ఐదు సంవత్సరములు రోవర్సు కప్పు గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టులోనివారు ఉద్యోగపు జీతముతోనే ఆడిరి. వారి గురువు రహీముగారు కొనినవారు కారు, తీర్చిదిద్దినవారు. తరువాతి కాలమున ఇక్కడి మేటి ఆటగాండ్రు కలకత్తా క్లబ్బులకు తరలుట మామూలయ్యెను. సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయినవాడే. ఇటీవలి యనుభవము మాత్రము లీడ్సు కథకు దగ్గరగ ఉన్నది. 2019లో ఏర్పడిన హైదరాబాదు ఎఫ్.సి. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు గెలిచెను. రెండేండ్లు తిరుగకమునుపే జీతములు అందక ఆటగాండ్రు ఒక్కొక్కరుగ వీడిపోయిరి. 2025లో ఆ జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. గచ్చిబౌలి మైదానమున ఆ పసుపుపచ్చ చొక్కాలతో కేకలు వేసిన పిల్లలకు తమ జట్టు ఏమైనదో ఎవరును కూర్చుండబెట్టి చెప్పలేదు.

ఇంగ్లండులో మాత్రము ఇట్టి దెబ్బల వలన కొన్ని కట్టుబాట్లు వచ్చినవి. మూడేండ్లలో 10 కోట్ల 50 లక్షల పౌండ్లకు మించి నష్టపోరాదని పై శ్రేణివారు నియమము పెట్టుకొనిరి. దానిని మీరినందుకు 2023–24లో ఎవర్టన్, నాటింగ్‌హామ్ ఫారెస్టు క్లబ్బుల పాయింట్లు కోసివేసిరి. 2025లో పార్లమెంటు కాల్బంతి పరిపాలన కొరకు ఒక చట్టమును చేసి, స్వతంత్రమైన నియంత్రణాధికారిని ఏర్పరచెను. ఈ కట్టుబాట్లు పెద్దవారికే మేలు చేయును, రాబడి ఎక్కువ గలవానికి ఖర్చు పెట్టు స్వేచ్ఛయు ఎక్కువ యగును గదా యని చిన్న క్లబ్బుల అభిమానులు వాపోవుదురు. ఆ మాటలోను నిజము లేకపోలేదు.

లీడ్సువారు 2010లో రెండవ శ్రేణికి ఎక్కిరి. 2017లో క్లబ్బు యజమాని ఎల్లండ్ రోడ్డును తిరిగి కొనెను. 2018లో అర్జెంటీనా నుండి మార్సెలో బియెల్సా అను వింతమనుష్యుడు శిక్షణాధికారిగ వచ్చెను. అతడు పేరుమోసిన వారిని అడుగలేదు. ఉన్నవారినే మునుపెన్నడు లేనంత పరుగెత్తించెను. 2020 జూలైలో, పదునారేండ్ల తరువాత, జట్టు మొదటి శ్రేణికి మరల చేరెను. అది కరోనా కాలము. మైదానములోనికి ప్రేక్షకులను రానిచ్చుట లేదు. అభిమానులు వేలుగ వచ్చి, మూసిన ద్వారముల వెలుపల, రెవీ విగ్రహమును బ్రెమ్నర్ విగ్రహమును ఉన్న చోట నిలువబడి పాడిరి. పదునారేండ్లు ఎదురుచూచిన ఆటను వారు కన్నులార చూడలేదు.

2023లో జట్టు మరల పడెను. 2025లో నూరు పాయింట్లతో మరల లేచెను. ఆ వేసవిలో లీడ్సు బస్సులలోను, దుకాణములలోను పాత ప్రశ్నయే మరల వినబడెను. మొదటి శ్రేణిలో నిలువవలెనన్నచో గోళ్లు కొట్టువానిని కొనవలదా? ఇంత పిసినారితనమేల? ఆ 2001 నాటి మనుమడు వారిలో ఉండినచో ముప్పదియెనిమిదేండ్లవాడై యుండును. అతని ప్రక్కన అతని బిడ్డయు ఉండవచ్చును. ఆ బిడ్డ, "నాన్నా! మనము ఎవరిని కొనుచున్నాము?" అని అడిగియుండును.